గోనెపట్టాలో మొలిచిన శనగలు

జీవశాస్త్రం టీచరుగా చేరిన రోజు నుంచి నేను డైరీ రాస్తున్నాను. అందులో పెద్ద సంగతులేమీ ఉండవు. వాన పడిందా, ఏ పాఠం చెప్పాను, ఎవరు బడికి రాలేదు, ఎవరేం అడిగారు, అంతే. రిటైరయ్యాక వాటిని మొదటినుంచీ వరుసగా చదివాను. చాలా ఏళ్లు ఒకదానిలాగే ఇంకొకటి ఉన్నాయి. చివరి ఏడాది మాత్రం అట్లా లేదు. ‘నమ్మలేకపోయాను’ అన్న మాట ఆ ఒక్క డైరీలో రాసినన్నిసార్లు మిగతా సర్వీసంతా కలిపి రాసి ఉండను.

ఆ ఏడాది నాకు పాఠాలు తగ్గించి, ఆళ్లగడ్డ వైపు బడుల్లో సైన్స్ పోటీలు, క్విజ్‌లు, సెలవుల శిబిరాలు చూసే పని అప్పగించారు. పోయే ముందు నాలుగు మంచి రోజులు గడుపుతావులే అన్నారు తోటివాళ్లు. నేనూ అట్లే అనుకున్నాను.

కొత్తగా సైన్స్ టీచర్లుగా చేరుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ఫైళ్లు, బిల్లుల సంగతి మీకు ఆఫీసులోనే నేర్పుతారు. నేను చెప్పేది ఆఫీసులో ఎవరూ చెప్పరు.

థర్మామీటర్ తప్పు సార్

వేసవి సెలవుల్లో ఆళ్లగడ్డలో ఒక శిబిరం పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు వచ్చారు. మొదటి రోజు చాలా చిన్న పని ఇచ్చాను. నీళ్లు మరిగించి, ఎన్ని డిగ్రీల దగ్గర మరిగాయో చూసి రాయండి అన్నాను.

అన్ని బల్లల మీదా నూరు అని రాశారు. ముందు బల్ల మీద థర్మామీటర్ నేను చూశాను. తొంభై ఎనిమిది దగ్గర నిలిచిపోయి ఉంది.

“నువ్వు చూసినావా?” అని ఆ బల్ల పిల్లవాణ్ణి అడిగాను.

“చూసినా సార్. తొంబై ఎనిమిది కాడనే నిల్చింది.”

“మరి నూరని రాసినావేం?”

“థర్మామీటర్ తప్పు సార్. పుస్తకం తప్పయితాదా?”

ఎవరూ నవ్వలేదు. గదిలో ఉన్న పిల్లలందరూ అవునన్నట్టు తలలూపారు. సాయంత్రం ఈ సంగతి చెబితే ఒక యువ టీచరు తేలిగ్గా అన్నాడు: “అది మామూలే సార్. ప్రాక్టికల్ రికార్డులో ఫలితం ముందు రాసుకొని, దానికి సరిపోయేటట్ల రీడింగులు పైన నింపుకోమంటాం. టైం కలిసొస్తాది.”

ఆ పిల్లవాడు అబద్ధాలకోరు కాడు. మనం నేర్పింది మనకు అప్పజెప్పాడు. కంటికి కనబడింది పుస్తకంతో కలవకపోతే కంటిదే తప్పని వాడు నిజంగానే నమ్ముతున్నాడు. ఇది దొంగతనం కన్నా పెద్ద జబ్బు. దొంగకు తాను చేసింది దొంగతనమని తెలుసు.

పైవాళ్లు

మా పోటీలు చూసే అధికారిని అందరూ డిప్యూటీ సారు అనేవాళ్లు. చెడ్డవాడు కాదు. పిల్లలకు అన్నం పెట్టకుండా తాను తినడు. ఆడపిల్లలను పొద్దు మునగక ముందే ఇళ్లు చేర్చేదాకా ఫోను పక్కన పెట్టడు. ఇట్లాంటి బాసు దొరకడం అదృష్టమని ఇప్పటికీ అంటాను.

కానీ న్యాయనిర్ణేతలు మార్కులు వేసే కాగితంలో ఆయన ఒక గడి పెట్టించాడు: ప్రయోగం విజయవంతమైందా? అన్నింటికన్నా దానికే మార్కులెక్కువ. ప్రయోగం అనుకున్నట్టు రాకపోయినా ఎందుకు రాలేదో చెప్పిన పిల్లల సంగతేమిటని అడిగాను.

“రత్నం సారూ, ఫెయిలైన ప్రయోగాన్ని చీఫ్ గెస్ట్ ముందర పెడితే నవ్వడా అప్పా?” అన్నాడు.

ఆ గడి ఏం చేస్తుందో మండల స్థాయి ప్రదర్శనకే తెలిసిపోయింది. వరుసగా అగ్నిపర్వతాలే. అన్నీ ఒకే అంగడిలో కొన్నవి, అన్నీ ఒకే ఎర్రనురుగు కక్కాయి. అగ్నిపర్వతాన్ని చూసిన పిల్లవాడు ఆ హాల్లో ఒక్కడూ లేడు. నల్లమలను చూడనివాడూ ఒక్కడూ లేడు. నల్లమల గురించి మాత్రం ఒక్క చార్టు కూడా లేదు. అంగట్లో కొన్నది తప్పకుండా పనిచేస్తుంది, మార్కులు తప్పకుండా పడతాయి. పిల్లలు లెక్క సరిగానే వేసుకున్నారు.

భార్గవి అడిగిన ప్రశ్న

ఆ అగ్నిపర్వతాల చివర ఒక బల్ల మీద తడి గోనెపట్టా చుట్ట ఉంది. దాని వెనుక భార్గవి నిలబడి ఉంది. కోయిలకుంట్ల దారిలో ఉన్న ఒక ఊరి బడిలో తొమ్మిదో తరగతి. వాళ్ల నాన్న ఓబులేసు నల్లరేగడి నేలలో శనగ వేస్తాడు. ముందటేడు పండిన శనగలే విత్తనానికని మూటలు కట్టి రేకుల షెడ్డులో పెట్టాడు. నడుమ ఒక అకాల వానకు రేకులు కారి మూటలు తడిశాయి. ఎండబెడితే చూడ్డానికి బాగానే ఉన్నాయి. అవి విత్తాలా, కొత్త విత్తనం కొనాలా అన్నది ఇంట్లో తేలలేదు.

“మొలుస్తాదో లేదో మనమే చూస్తే పోలా?” అని ఆ పిల్ల తన సైన్స్ టీచర్ షబానాను అడిగింది. అదే ఆమె ప్రాజెక్టు. షబానా వయసులో చిన్నదైనా గట్టి మనిషి. పద్ధతి చక్కగా చెప్పింది. తడిపిన గోనెపట్టా మీద నూరు గింజలు వరుసలుగా పరచాలి, పట్టాను చుట్టి నిలువుగా బకెట్లో పెట్టాలి, ఐదో దినం దాకా విప్పకూడదు, ఆ తర్వాత విప్పి మొలిచినవి లెక్కపెట్టాలి. పాతకాలం రైతులకు ఇది తెలిసిన పనే. ఓబులేసు తండ్రి కూడా ఇట్లే చూసేవాడట.

ఇంట్లోనే విప్పి లెక్కపెడితే నూటికి తొంభైకి పైగా మొలిచాయి. మండలంలో ఫస్టు వచ్చింది. నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఈ ఏడాది మొత్తం మీద ఒక పిల్ల అయినా నిజమైన ప్రశ్న అడిగిందని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

నంద్యాల్లో

జిల్లా ప్రదర్శన నంద్యాలలో, శనగ విత్తే రోజుల్లోనే పడింది. భార్గవి కొత్త పట్టా ఒకటి చుట్టి, విప్పకుండా తెచ్చింది. అందరి ముందరే విప్పాలన్నది షబానా ఆలోచన. తోడుగా వాళ్లమ్మ లక్ష్మీదేవి వచ్చింది. టిఫిన్ డబ్బా పట్టుకొని కూతురి వెనకే నిలబడింది.

న్యాయనిర్ణేత ఒక కాలేజీ లెక్చరరు. ఆమె రాగానే భార్గవి పుస్తకం భాషలో మొదలుపెట్టింది. “నమస్కారం. నా ప్రాజెక్టు పేరు మా ఇంటి విత్తనం మొలకెత్తునా.” పట్టా విప్పింది. వరుసల నిండా తెల్లటి మొలకలు. లెక్చరరు ముఖం వెలిగిపోయింది. చుట్టూ ఉన్న పిల్లలు వంగి చూశారు.

నేనూ వంగి చూశాను. చూసి నిలబడిపోయాను.

వేరు ఎప్పుడూ కిందికే పోతుంది. ఇది ఆరో తరగతి పాఠం. పట్టా నిలువుగా నిలబెట్టి ఉంటే వేళ్లన్నీ దువ్వెన పళ్లలాగా ఒకే వైపుకు, తిన్నగా దిగాలి. కొన్ని గింజలకు అట్లే ఉన్నాయి. ఎక్కువ గింజలకు మాత్రం వేరు ముందు పైకో పక్కకో పోయి, తర్వాత గాలం కొక్కెంలాగా మెలికపడి కిందికి తిరిగింది. అంటే ఆ గింజలు ఈ పట్టాలో మొలవలేదు. ఎక్కడో మూటలో అడ్డదిడ్డంగా మొలిచాయి. ఎవరో తెచ్చి ఇందులో పెట్టాక వేరు దారి మార్చుకుంది.

షబానా వైపు చూశాను. ఆమె కూడా ఆ కొక్కేలనే చూస్తోంది. “నేను కాదు సార్,” అంది మెల్లగా. భార్గవి వైపు చూశాను. ఆ పిల్ల కళ్లలో దాచిపెట్టింది ఏమీ లేదు.

లెక్చరరు అడిగింది: “దీనివల్ల మీ ఇంటికి ఏం ఉపయోగం వచ్చింది?”

అప్పుడు భార్గవి పుస్తకం భాష మరిచిపోయింది. “మా నాయన ఈసారి కొత్త ఇత్తనం కొన్లేదు మేడం. నా లెక్క చూసి, ఇంట్లో ఇత్తనమే ఏస్తాండాడు. ఈ పొద్దే ట్రాక్టరుకు గొర్రు కట్టినాడు. ఈపాటికి ఇత్తుతాంటాడు.”

లెక్చరరు మార్కులు వేసి పక్క బల్లకు కదలగానే వెనక టిఫిన్ డబ్బా కింద పడింది. మూత ఊడి చిత్రాన్నం నేలంతా చల్లుకుంది.

“ఇత్తుతాండాడా?” అంది లక్ష్మీదేవి. “ఎవరు చెప్పినారే నీకు? కొంటానని గదా అనె పోయినవారం!”

“నాకే చెప్పినాడు మా. నీ మాట మీదనే కొనడంల్యా పాపా అనె.”

లక్ష్మీదేవి నేల మీద కూర్చొని చిత్రాన్నం డబ్బాలోకి ఎత్తసాగింది. ఆమె ఏం చెప్పబోతోందో నాకు ఆమె చెప్పకముందే తెలిసిపోయింది.

“నేనే సారూ. ఫస్టు పట్టా కూడా నేనే. నాలుగో దినం పాప బడికి పోయినంక ఇప్పి చూస్తి. సగానికి పైన బంకబంక అయి వాసన కొడతాండాయి. గుగ్గిళ్లకని అంగట్లో తెచ్చి నానబెట్టిన శనగలు మూటలో మొలకలొచ్చిండె. అవి ఈడ పెట్టి, ఇవి తీసి పెంటలో ఏస్తి.”

“ఎందుకమ్మా?” అన్నాను.

“మా ఇంటి ఇత్తనం చచ్చిపోయిందని నా బిడ్డ నంద్యాల్లో మైకు పట్టుకోని చెప్పాల్నా సారూ? బాగా వస్తేనే మార్కులంట గదా. ఆయప్ప ఎట్లాగూ కొత్తది కొంటాడు, పిల్ల ముచ్చట ఎందుకు చెడగొట్టల్లనుకుంటి.”

భార్గవి ఏడవలేదు. వాళ్లమ్మనే చూస్తూ నిలబడింది. “నాయనకు ఫోన్ చెయ్ సార్,” అంది.

ఫోను

శనగ కాలంలో వానలు ఉండవు. నేలలో ఉన్న తడి పదునుతోనే మొలవాలి. పదునున్న ఆ కొద్ది రోజుల్లో చచ్చిన గింజ భూమిలో పడితే మళ్లీ విత్తడానికి తేమ మిగలదు. ఆ కుటుంబానికి ఆ చేనే ఆధారం. అక్కడ ఉన్నవాళ్లం అందరం పల్లెల్లో పుట్టినవాళ్లమే. ఎవరికీ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

ఓబులేసు ఫోను మోగి మోగి ఆగిపోయింది. చేనులో ఫోనున్న చొక్కా విప్పి మూట మీద పెట్టి ఉంటాడంది లక్ష్మీదేవి. షబానాకు ఆ ఊరి అంగడాయన నంబరు తెలుసు. అతని కూతురూ ఆమె క్లాసే. “అన్నా, బండి తీసి ఓబులేసన్న చేనికి పో. ఫోన్ ఆయన చేతికియ్యి. ఏం అడగద్దు, బేగా పో,” అని చెప్పింది.

మేం కాచుకొని ఉండగా డిప్యూటీ సారు పరుగున వచ్చాడు. “ఏమప్పా రత్నం సారూ, చీఫ్ గెస్ట్ వచ్చేసినాడు. ఈ పాపకే ఫస్టంట గదా, స్టేజీ కాడికి పంపు.”

జరిగింది చెప్పాను. ఆయన గొంతు తగ్గించి అన్నాడు: “నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుస్తాది? చేను సంగతి చేను. ప్రైజు సంగతి ప్రైజు. ఫోన్ చేసి ఇత్తడం ఆపించు, ఈడ పాపకు ప్రైజు ఇప్పిచ్చేద్దాం. పాపం, పిల్ల ఏం తప్పు చేసింది?”

మంచి మనసుతోనే అన్నాడు. అందుకే ఆ మాట నన్ను అంతగా బెదరగొట్టింది. లక్ష్మీదేవి చేసిందీ సరిగ్గా ఇదే గదా. పిల్ల మీద ప్రేమతో, పిల్ల ముందు అబద్ధాన్ని పరిచిపెట్టడం.

అంతలో షబానా ఫోను మోగింది. భార్గవి అందుకొని స్పీకరు నొక్కింది. వెనక ట్రాక్టర్ శబ్దం మా అందరికీ వినబడుతోంది.

“ఏందీ పాపా, ఫస్టొచ్చిందా?”

“నాయనా, ట్రాక్టర్ ఆపు.”

“యాలా?”

“మన ఇత్తనం మొలవదు నాయనా.”

“ఏం మాట్లాడతాండావ్? తొంబైకి పైన మొలిసినాయని నువ్వే గదా చెప్తివి!”

భార్గవి వాళ్లమ్మ వైపు చూసింది. “నా లెక్క తప్పింది నాయనా. నేనే తప్పు చెప్పినా.”

లక్ష్మీదేవి లేచి ఫోను లాక్కుంది. “దానిది ఏం తప్పు లేదు. ఇత్తనం చచ్చిపోయింది. మొలిసినవి పెట్టింది నేను. వింటాండావా? నేను.”

కాసేపు ట్రాక్టర్ శబ్దం ఒక్కటే. తర్వాత దూరంగా ఓబులేసు గొంతు: “ఓరేయ్, ఆపు! ఆపు రా!” ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దం నంద్యాల హాల్లో నిలబడి విన్నాం.

“సగం చేను అయిపాయె,” అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత భార్గవి చేసింది చూసి నేను రెండోసారి నిలబడిపోయాను. ఆ పిల్ల బల్ల దగ్గర కూర్చొని కొక్కెం వేళ్ల గింజలన్నీ ఏరి పక్కన పెట్టింది. తిన్నగా దిగిన వేళ్లున్నవి లెక్కపెట్టింది. నూటికి నలభై కూడా లేవు. స్కెచ్ పెన్ తీసుకొని చార్టు మీద పాత అంకె కొట్టేసి, కొత్త అంకె రాసింది. కింద ‘మా విత్తనం పనికిరాదు’ అని రాసి, లెక్చరరును పిలిచింది.

లెక్చరరు కళ్లజోడు తీసి తుడుచుకుంది. “నేను వేసిన మార్కులు ఇప్పుడు కొట్టేయాలి. నిజానికి ఇప్పుడే ఎక్కువ వెయ్యాలి. కానీ దీనికి ఈ కాగితంలో గడి లేదే,” అంది నాతో.

ఫస్టు ప్రైజు ఒక అగ్నిపర్వతానికి వచ్చింది.

మరుసటి రోజు ఆ గడి తీసేయమని ఆఫీసులో మళ్లీ అడిగాను. ఈసారి గట్టిగానే అడిగాను. “పోయే ముందు ఇదంతా నీకెందుకప్పా?” అన్నాడు డిప్యూటీ సారు. నేను ఉన్నంతవరకూ అది పోలేదు. మీ కాలంలో అయినా తీయించండి. అది పోయేదాకా ఒక్క పని మీ చేతుల్లోనే ఉంది. అనుకున్నది రాని పిల్ల దగ్గర రెండు నిమిషాలు ఎక్కువ నిలబడండి. ఆ పిల్ల చూస్తుంది. పక్క పిల్లలూ చూస్తారు.

చేను

చలి ముదిరాక షబానా, నేను ఆటోలో ఆ ఊరికి పోయాం. ఓబులేసు మమ్మల్ని చేనికి తీసుకుపోయాడు. గట్టు మీద నిలబడితే ఎవరూ ఏమీ చెప్పక్కరలేదు. ఒక సగం పచ్చగా, సాళ్లు సాళ్లుగా ఉంది. అది ఫోను తర్వాత కొత్త విత్తనం తెచ్చి వేసింది. రెండో సగంలో అక్కడొకటి ఇక్కడొకటి మొక్కలు, నడుమ నల్లటి నేల.

“మా ఊరోళ్లు ఏమంటాండారో తెలుసా సారూ?” అన్నాడు. “ఓబులేసు చేనికి సగం గుండు కొట్టిచ్చినాడు, మొక్కు తీరినంక మిగతా సగం కొట్టిస్తాడంట అని.”

నవ్వాలో వద్దో తెలియక మేం చూస్తుంటే ఆయనే నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు: “ఆ పొద్దు ఫోన్ చెయ్యకుంటే పూర్తి గుండే సారూ.”

“పాపను ఏమైనా అన్నావా?” అని షబానా అడిగింది.

“దాన్నేమనల్ల? ఆ లెక్కంతటికీ అది చెప్పిన అబద్ధం ఒక్కటే. నేనే తప్పు చెప్పినా నాయనా అన్నది. అది గూడా వాళ్లమ్మ కోసం.”

ఆ తర్వాత నేను రిటైరయ్యాను. ఈ ఏడు విత్తే కాలానికి ముందు మళ్లీ ఒకసారి వాళ్లింటికి పోయాను. వసారాలో బకెట్ల నిండా గోనెపట్టా చుట్టలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు చీటీ. ఊరివాళ్లు విత్తనాలు తెచ్చి భార్గవికి ఇస్తున్నారట. పొరుగింటి ఆమె వచ్చి తమ పట్టా అంచు ఎత్తి చూడబోతే లక్ష్మీదేవి ఆమె చేతి మీద ఒక్కటి వేసింది.

“ఐదో దినం దాకా ముట్టుకోవద్దని చెప్పలా? నేనే ముట్టుకోను.”

నేను కూర్చున్న చోటికి దగ్గరగా ఉన్న చుట్టలోంచి కుళ్లిన వాసన వస్తోంది. ఎవరిదమ్మా ఇది అని అడిగాను.

“మా పుట్టింటోళ్లది సారూ,” అంది లక్ష్మీదేవి.

దాని మీద కొంచెం నీళ్లు చిలకరించి, ఒరిగిపోకుండా సరిచేసి, అట్లే నిలబెట్టింది.